ఫుల్ సిగ్నల్ మేధావి

తరుగుదల అంటే ఏమిటో ఉద్యోగం చేసినన్నాళ్ళూ కామర్స్ పిల్లలకి బోర్డు మీద అంకెలు వేసి మరీ చెప్పినవాణ్ని. కొన్న మర్నాటి నుంచే వస్తువు విలువ పడిపోతుందని, అవసరం రాకముందే కొన్న యంత్రం మూల కూర్చుని వడ్డీ తింటుందని నోట్సు చెప్పి రాయించాను. ఆ నేనే 2021 మొదట్లో, దేశంలో మామూలు జనానికి ఒక్క టవరు కూడా 5జీ ఇవ్వని రోజుల్లో, 5జీ ఫోను కొన్నాను. షాపు కుర్రాడు "ఫ్యూచర్ ప్రూఫ్ సార్" అన్నాడు. పెద్దమనిషి తరహాలో తల ఊపాను. ఆ ఫ్యూచర్ ఎప్పుడొస్తుంది బాబూ అని అడగాలని తట్టలేదు.

అది తీరిగ్గా వచ్చింది. స్పెక్ట్రమ్ వేలం 2022 జూలై 26న మొదలై ఆగస్టు 1న ముగిసింది. అక్టోబరు 1న ఢిల్లీ ప్రగతి మైదానంలో సర్వీసు ప్రారంభించారు. మా గుంటూరుకి వచ్చేసరికి డిసెంబరు ఆఖరి వారమైంది. అప్పటికి నా ఫోను పొద్దున ఛార్జింగ్ పెడితే మధ్యాహ్నానికి గుటుక్కుమంటోంది. పైగా అంతకాలం ఎదురుచూసిన 5జీ ఊళ్ళోకి వచ్చాక అది పట్టుకోనే లేదు.

మా మేనల్లుడు ఈ రంగంలోనే ఉన్నాడు. కార్లో లాప్‌టాప్, నాలుగైదు ఫోన్లు పెట్టుకుని వీధి వీధీ తిరుగుతూ ఎక్కడ ఎంత సిగ్నల్ ఉందో కొలుస్తాడు. డ్రైవ్ టెస్ట్ అంటారట. ఫోను కొనేముందు వాణ్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. చిన్నప్పుడు వాడికి లెక్కలు చెప్పింది నేను మరి.

"డబ్బా మీద బ్యాండ్లు చూశావా మావయ్యా?" అన్నాడు వాడు.

డబ్బా మీద నేను చూసింది కెమెరా మెగాపిక్సెళ్ళు. 5జీ అంటే ఆకాశంలో ఒకే ఒక చోట ఉంటుందనుకున్నాను. మన దేశంలో దానికి ఇచ్చినవి ముఖ్యంగా మూడు చోట్లు: 700 మెగాహెర్ట్జ్, 3300 మెగాహెర్ట్జ్ ప్రాంతం, 26 గిగాహెర్ట్జ్. మొదటిదాని అల పొడవు ఇంచుమించు మూరెడు. రెండోది బెత్తెడు పైచిలుకు. మూడోది చిటికెన వేలి మందం. మూరెడు అల గోడలు దాటుకుని కిలోమీటర్లు పోతుంది గానీ అక్కడ చోటు ఇరుకు. వేలంలో ఒక కంపెనీకి దొరికింది 10 మెగాహెర్ట్జ్ జత. 3300లో ఒక్కో కంపెనీకి 100 దాకా వచ్చింది. 26 గిగాలో వెయ్యి దాకా ఉంది గానీ చెట్టు ఆకు అడ్డం వచ్చినా ఆ అల తడబడుతుంది. 4జీలో ఒక్కో క్యారియర్ వెడల్పు గరిష్ఠంగా 20. అంటే నేను కొత్త తరం మహిమ అనుకున్న వేగంలో సింహభాగం ఒట్టి వెడల్పుదే. ఈ సంగతి తెలిశాక నాకు కాస్త నిరాశ కలిగిన మాట నిజం. ఏదో మంత్రం ఉంటుందని ఆశపడ్డాను.

నా ఫోనులో 3300 బ్యాండు ఉంది. ఇబ్బంది ఇంకోచోట ఉంది. 5జీని కంపెనీలు రెండు పద్ధతుల్లో పెట్టాయి. ఒక పద్ధతిలో టవరు మీద రేడియో పెట్టె మాత్రమే కొత్తది. దాని వెనక కాల్స్‌నీ డేటానీ దారి పట్టించే కోర్ మాత్రం పాత 4జీదే. రెండో పద్ధతిలో కోర్ కూడా కొత్తది, 4జీ చెయ్యి పట్టుకోకుండా నడుస్తుంది. నా సిమ్ము రెండో రకం కంపెనీది. నా ఫోనుకి తెలిసింది మొదటి రకం. తయారుచేసినవాళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపితే తప్ప ఇద్దరికీ మాట కుదరదు. ఆ అప్‌డేట్ వచ్చేలోపు నేను చేసిన పనులే అసలు చెప్పుకోవలసినవి.

మా ఆవిడ సిమ్ము మొదటి రకం కంపెనీది. ఆవిడ ఫోను నెత్తిన ఒకరోజు 5జీ అని పడింది. నేను దాన్ని లాక్కుని పొద్దున వాకింగ్‌కి వచ్చే మిత్రులందరికీ చూపించాను. ఆ గుర్తు పడినప్పుడల్లా యూట్యూబ్ వేగంగా వస్తోందని, పోయినప్పుడల్లా నత్తనడకన వస్తోందని నా కళ్ళతో చూసి మరీ ధ్రువపరిచాను. మేనల్లుడు తన లాప్‌టాప్‌కి ఆ ఫోను తగిలించి చూస్తే, మా వీధిలో అది ఒక్క బైటు కూడా 5జీ మీద తెచ్చుకోవడం లేదు.

మొదటి పద్ధతిలో ఫోను ముందుగా 4జీ టవరునే పలకరిస్తుంది. ఆ టవరు తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఎప్పుడూ ఒక ప్రకటన వినిపిస్తూ ఉంటుంది. అందులో ఇక్కడ 5జీ కూడా దొరకొచ్చు అని చెప్పే చిన్న సూచన ఒకటుంటుంది. చాలా ఫోన్లు ఆ సూచన అందగానే 5జీ అని వేసేస్తాయి. దొరికిందా లేదా అన్నది తర్వాతి సంగతి. మరి నేను చూసిన వేగం? "అది నీ ఆనందం మావయ్యా" అన్నాడు. వాడికి ఇంత వ్యంగ్యం నేర్పింది మాత్రం నేను కాదు.

ఇలాంటి గుర్తుకి నేను పడిపోవడం అదే మొదలూ కాదు. 2019లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ తన 4జీకే మెరుగులు దిద్ది, ఫోన్ల మీద 5జీఈ అని వేసింది. పోటీ కంపెనీ కోర్టుకెక్కింది. మరుసటేడు అక్కడి ప్రకటనల సమీక్షా బోర్డు ఆ పేరు వాడకం ఆపమని సిఫారసు చేసింది. అదేమీ ఎరగని నేను, డల్లాస్ నుంచి మా అమ్మాయి పంపిన స్క్రీన్‌షాట్ పట్టుకుని, అక్కడ ఐదో తరం వచ్చేసిందనీ మనం వెనకబడిపోయామనీ బంధువులందరికీ ఫోన్లు చేశాను. 4జీ మీదే.

ఇక పాయింట్లు. నాలుగు పాయింట్లుంటే ఫుల్ సిగ్నల్, ఫుల్ సిగ్నల్ ఉంటే నెట్ పరిగెత్తాలి; ఇది నా సిద్ధాంతం. పల్నాడులో మా అన్నయ్య పొలం దగ్గర నాలుగు పాయింట్లూ ఉంటాయి, నెట్ మాత్రం కదలదు. మా అన్నయ్య ఫోనే పాతదని తేల్చి ఆయన చేత కూడా కొత్తది కొనిపించాను. పాయింట్లు చెప్పేది ఫోనుకీ టవరుకీ మధ్య సంగతి మాత్రమే. టవరు నుంచి అవతలికి ఫైబరు ఉందా, లేక పక్క ఊరి టవరు వైపు తిప్పిన గుండ్రటి మైక్రోవేవ్ డిష్షు మీద నడుస్తోందా అన్నది ఏ పాయింటూ చెప్పదు. అన్నయ్య ఊరి టవరుకి డిష్షే. ఆ పాయింట్లు గీసే సూత్రం కూడా అన్ని ఫోన్లకీ ఒకటి కాదు, ఎవరి సూత్రం వాళ్ళది. 2010లో ఐఫోన్ 4 మీద గొడవ వచ్చినప్పుడు ఆపిల్ కంపెనీయే తమ సూత్రం పూర్తిగా తప్పని ఒప్పుకుంది. అసలు కొలత సెట్టింగుల్లో, సిమ్ స్టేటస్ కింద డీబీఎంలలో ఉంటుంది: మైనస్ 80 ప్రాంతంలో ఉంటే దివ్యంగా ఉన్నట్టు, మైనస్ 110 దాటితే వసారాలోకి నడవాల్సిందే. అన్నయ్య ఆ కొత్త ఫోనులో ఇప్పటికీ నెట్ లేకుండా పాటలే వింటున్నాడు. డబ్బు సంగతి ఆయన ఎత్తలేదు, వదిన ఎత్తింది.

గుంటూరు ఎండలు తెలిసినవాళ్ళు తర్వాతి పనికి నన్ను కొంత క్షమిస్తారు. ఒక వేసవిలో ఇంటి కిటికీలకి వేడిని వెనక్కి కొట్టే అద్దాలు వేయించాను. నిజంగానే ఇల్లు చల్లబడింది. ఫోను మాత్రం హాల్లో మూగబోయింది. అప్పటికప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, అంటే బాల్కనీలోకి వెళ్ళి చేసి, మీ నెట్‌వర్క్ అధ్వాన్నమని ఆ అమ్మాయి మీద చాలాసేపు విరుచుకుపడ్డాను. వేడిని వెనక్కి పంపేది ఆ అద్దం మీద ఉన్న పల్చటి లోహపు పూత. వేడి కిరణమూ విద్యుదయస్కాంత తరంగమే, ఫోను సిగ్నలూ అదే. లోహం మనిషిని చూసి బొట్టు పెట్టదు. మామూలు అద్దం 3300 బ్యాండు సిగ్నల్లో కొద్దిగా తింటే, ఈ పూత అద్దం వందల రెట్లు తగ్గించేస్తుంది. మూరెడు అల మాత్రం గోడల గుండా ఎలాగో తిప్పలు పడి లోపలికొస్తుంది. సిగ్నల్ రాకుండా కిటికీలు మూయించింది నేను, తిట్లు తిన్నది ఎక్కడో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న పిల్ల.

ఇంట్లో వైఫై రౌటరు పేరు చివర 5జీ అని ఉంటే, సరే ఇదైనా దక్కిందనుకున్నాను కూడా. అది 5 గిగాహెర్ట్జ్ వైఫై. మొబైల్ తరాలతో దానికి చుట్టరికమే లేదు. దీని గురించి ఇంతకన్నా చెప్పలేను.

వాకింగ్ మిత్రులు నా చేత ఒక ఉపన్యాసం కూడా ఇప్పించారు. అందులో 5జీకి ఆలస్యం ఒక్క మిల్లీసెకను మాత్రమే కాబట్టి, రేపు అమెరికా డాక్టరు అక్కడ కుర్చీలో కూర్చుని గుంటూరు రోగికి గుండె ఆపరేషన్ చేస్తాడని చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. మేనల్లుడు తర్వాత కాగితం తీసి, లెక్క నువ్వే వెయ్యి మావయ్యా అన్నాడు. ఫైబరు గాజులో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే మిల్లీసెకనుకి 200. గుంటూరు నుంచి హైదరాబాదు గాల్లో గీత గీసినా 240 దాకా ఉంటుంది. వెలుతురు అక్కడికి చేరకముందే నా మిల్లీసెకను అయిపోయింది. అమెరికా తూర్పు తీరం 13 వేల కిలోమీటర్ల పైమాట. పోయి రావడానికే 130 మిల్లీసెకన్లు, అదీ మధ్యలో ఎవరూ ఆపకపోతే. ఆ ఒక్క మిల్లీసెకను అన్నది ఫోనుకీ టవరుకీ మధ్య గాలి ప్రయాణానికి, అదీ ఫ్యాక్టరీ యంత్రాల వంటి ప్రత్యేకమైన పనుల కోసం పెట్టుకున్న లక్ష్యం. మేం రోజూ వాడే 5జీలో అది పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది. ఏ తరమొచ్చినా హైదరాబాదు దగ్గరికి జరగదు. చప్పట్లు కొట్టినవాళ్ళకి ఈ సవరణ ఇంకా చెప్పలేదు.

ఇవన్నీ నవ్వుకుని పోయే తప్పులు. టవరు వ్యవహారం అలా కాదు.

దీని విత్తనం 2021 మేలో పడింది. రెండో వేవ్ రోజులు. జనం చనిపోతున్నది కరోనాతో కాదు, 5జీ ట్రయల్స్ వల్ల అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. నేను దాన్ని కుటుంబం గ్రూపులో పెట్టాను. కంపెనీలకి ట్రయల్స్ చేసుకోమని టెలికాం శాఖ అనుమతి ఇచ్చిందే ఆ మే 4న. ట్రయల్స్ ఎక్కడా ఇంకా మొదలే కాలేదని ఆ శాఖ అదే నెలలో ప్రకటన చేసింది. అంతకు ముందేడు బ్రిటన్లో ఇలాంటి పుకారు నమ్మి టవర్లకి నిప్పు కూడా పెట్టారు. లేని రేడియేషన్‌కి భయపడి ఆ మెసేజ్ పంపింది ఏ ఫోను నుంచి అనుకున్నారు? నా 5జీ ఫోను నుంచే.

అలాంటి బుర్ర మీద, 2023లో మా పక్క బిల్డింగు డాబా మీద టవరు పెడతారన్న కబురు పడింది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో అర్జీ రాయగలవాడు ఎవడు? మాస్టారు. ఆ రాత్రి నేను రాసిన అర్జీని శైలి విషయంలో ఇప్పటికీ తప్పుపట్టలేను. పిచ్చుకలు వచ్చాయి అందులో, రజనీకాంత్ ‘2.0’ సినిమా చూసినవాడు పిచ్చుకల్ని వదలడు. పసిపిల్లలు వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2011లో ఈ తరంగాల్ని 2బీ జాబితాలో చేర్చిందన్న మాట వచ్చింది. ఒక్కో పెట్టెలో 64 యాంటెన్నాలున్నాయి కాబట్టి 64 రెట్లు రేడియేషన్ అన్న లెక్క వచ్చింది. మన దేశ పరిస్థితులు ఎరగని విదేశీ పరిజ్ఞానం అన్న మాటతో ముగించాను. అందరూ సంతకాలు పెట్టారు. పక్క బిల్డింగు ఆయన జడిసి ఒప్పందం మానుకున్నాడు. నాకు శాలువా కప్పారు.

మేనల్లుడు ఆ అర్జీ నకలు అడిగి తీసుకుని, భోజనాల దగ్గర పేరా పేరా చదివాడు. "2బీ అంటే ఆధారాలు అరకొరగా ఉన్నాయి, కావచ్చేమో అని. ఆ జాబితాలోనే ఆసియా దేశాల్లో ఊరబెట్టే కూరగాయలు కూడా ఉన్నాయి మావయ్యా." మా ఆవిడ జాడీ మూత కొంచెం గట్టిగా పెట్టింది. మన దేశంలో టవరు నుంచి వెలువడే శక్తికి పెట్టిన హద్దు అంతర్జాతీయ హద్దులో పదో వంతు అన్నాడు. ఈ తరంగాల రేణువుకుండే శక్తి, 26 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా, మనం చదువుకునే దీపపు వెలుతురు రేణువు శక్తిలో 20 వేల వంతుకి అటూఇటూ; అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని పీకే సత్తా దానికి లేదు.

64 యాంటెన్నాల దగ్గర కాసేపు ఆగాడు. వాడి గొంతు అక్కడ మారింది. ఆ పెట్టె శక్తి ఎంతో అంతే. 64 ఉంటే అది వాటి మధ్య పంపకమవుతుంది. అన్ని ఎందుకంటే, ఫోను ముందుగా టవరుకి తెలిసిన ఒక గుర్తు పంపుతుంది. ఆ గుర్తు ఒక్కో యాంటెన్నాకి వెంట్రుకవాసి తేడాతో చేరుతుంది. 3300లో పైకీ కిందికీ ఒకే ఫ్రీక్వెన్సీ, వంతులవారీగా. కాబట్టి వచ్చిన దారే పోయే దారి. పెట్టె ఆ తేడాలన్నీ కొలిచి, తిరుగు ప్రయాణంలో ఒక్కో యాంటెన్నా అలని అంతే తేడాతో ముందూ వెనకా చేస్తుంది. ఆ అలలన్నీ సరిగ్గా నీ ఫోను ఉన్న చోట శిఖరం మీద శిఖరం పడి కలుస్తాయి. పక్కింటి వాకిట్లో ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. అదే క్షణంలో, అదే ఫ్రీక్వెన్సీ మీద, ఇంకో దిక్కున ఇంకొకరికి ఇంకో శిఖరం. నువ్వు నడుస్తుంటే మళ్ళీ కొలత, మళ్ళీ సర్దుబాటు, సెకనుకి ఎన్నోసార్లు. అల బెత్తెడే కాబట్టి అన్ని యాంటెన్నాలు ఒక్క పెట్టెలో పట్టాయి. మూరెడు అలతో అది కుదరదు. అంటే గోడ దాటలేని ఆ పొట్టి అలని నేను ఎందుకు తిట్టుకున్నానో, ఈ విద్యకి ఆధారం ఆ పొట్టితనమే. నేను వెతికిన మంత్రం ఇక్కడుంది. దాన్నే నేను 64 రెట్ల విషమని రాసి పంపాను.

"సరే, టవరు లేకుండా పోయింది. ఏం మిగిలింది చూడు" అన్నాడు. చూడకుండానే తెలుసు. మా ఫ్లాట్లో కాల్స్ తెగిపోతూనే ఉన్నాయి, ఫోను చెవికి కాలుతూనే ఉంది. కాలవ అవతలి ఒడ్డున ఉన్నవాడితో మాట్లాడాలంటే మనమే గొంతు పెంచాలి. టవరు దగ్గరుంటే ఫోనుని నెమ్మదిగా మాట్లాడమంటుంది, దూరమైతే పెంచమంటుంది. 3జీలోనయితే ఆ ఆదేశం సెకనుకి 1500 సార్లు వెళ్ళేది. ఫోను గరిష్ఠ శక్తి సాధారణంగా 0.2 వాటు. టవరు పక్కనే ఉంటే 4జీ ఫోను అందులో 20 లక్షల వంతు దాకా తగ్గించుకోగలదు. టవరుని తరిమేసి నేను సాధించింది, మా బిల్డింగులో ప్రతి ఫోనూ చెవి పక్కన పూర్తి గొంతుతో అరవడం. డాబా మీది పెట్టె 200 వాట్ల పైన పలికినా దాని అల దూరంగా, అడ్డంగా పోతుంది. చెవికి ఆనుకుని ఉండేది మాత్రం ఈ 0.2 వాటే. పిల్లల ఆరోగ్యం పేరిట రాసిన అర్జీ ఇది.

పైగా ఈ కథలో ఎప్పుడూ బలహీనుడు ఫోనే. టవరు మాట మనకి వినిపించినా మన మాట టవరుకి చేరదు. 3300లో వంతులు కూడా ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే ఇస్తారు. అందుకే వీడియో చూడ్డం తేలిక, పంపడం కష్టం. పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉండే మనలాంటి దేశానికి ఇదే పెద్ద చిక్కు. దీని మీద పని చేసింది ఎవరో కాదు, సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాదు, మద్రాసు ఐఐటీ వాళ్ళు. టవరుకీ టవరుకీ 6 కిలోమీటర్లు ఎడమున్నా, ఫోను తన కొద్దిపాటి శక్తితోనే ఎక్కువ దూరం వినిపించేలా అలని మలిచారు. ఆ పద్ధతి 5జీఐ అన్న పేరుతో అంతర్జాతీయ టెలికం సంఘం ఆమోదం పొందింది, తర్వాత ప్రపంచ ప్రమాణంలోనే కలిసింది. విదేశీ పరిజ్ఞానం అన్న నా చివరి వాక్యం చదివి మేనల్లుడు ఏమీ అనలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

ఆగిపోయిన టవరు పెట్టిద్దామని కిందటి వారం అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడ్డాను. డీబీఎంలు చెప్పాను, వాట్లు చెప్పాను, శిఖరం మీద శిఖరం చెప్పాను. అలలు చేతులతో వేసి చూపించాను. అందరూ మర్యాదగా విన్నారు. సెక్రటరీ బీరువా తెరిచి, ఫైల్లోంచి నా పాత అర్జీ తీసి, కళ్ళజోడు సర్దుకుని మొదటి పేరా మెల్లగా పైకి చదివాడు.

"మీరిప్పుడు చెప్పిందీ బాగానే ఉంది మాస్టారూ," అన్నాడు, "కానీ ఇది ఇంకా బాగుందండీ."